అక్షరమునకు ధ్వనియే ప్రాణము
(ఒక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము)



పఠనమందిరములలో రాజ్యాంగ విషయములను గూర్చియో, కావ్యరసమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు మేము మిక్కిలి చిన్న విషయమును చేపట్టితిమి. అయిదేండ్ల బిడ్డ 'క' యను గుర్తును చూచి 'క' యను ధ్వనిని పలుకుట ఏ విధమున నేర్చుకొనుచున్నది? ఆ నేర్చుకొనుటలో ఎక్కడ చిక్కుకొనుచున్నది? ఇదియే నేటి ప్రశ్న. చిన్న విషయమని యంటిమి గాని ఆ మాటను వెనుకకు తీసికొనుచున్నాము. ఈ బల్లలమీద పరచిన పత్రికలును, ఆ బీరువాలలోని గ్రంథములును ఆ యొక్క క్షణముమీదనే ఆధారపడియున్నవి. ఆ క్షణము తప్పిపోయిన బిడ్డకు ఈ మందిరము తలుపు తెరచియున్నను మూసియున్నట్టిదే.

మేము చూచిన యొక సంగతి మనవి చేయుదుము. కొంతకాలము క్రిందట డెల్టాలో ఒక గ్రామమునకు పోయితిమి. ఊరి పేరుతోను, బడి పేరుతోను పనిలేదు. బడి కాలువగట్టున నున్నది. ఒకే ఉపాధ్యాయుడు రెండు తరగతులను సంబాళించుకొనుచు శ్రమపడుచున్నాడు. మూడవ తరగతి బాలు డొకడు మా యెదుట నిలిచి వర్ణమాలను మొదటినుండి తుదివరకు ఒక్క తప్పు లేక చదివినాడు. గుణింతమును పాటవలె వినిపించినాడు. మేము సంతసించి పలకమీద 'కాలువ' అని వ్రాసి చూపితిమి. అతడు వ్రేలు పెట్టి "కకు దీర్ఘమిస్తే కా, లకు కొమ్మిస్తే లు, వకు తలకట్టిస్తే వ" అనెను. "మంచిది బాబూ, మాట ఏమిటి?" అంటిమి. పలుకలేదు. మరల అడిగితిమి. "ఆయ్, అది మాకింకా చెప్పలేదండి" అనెను. అతని వెనుక పదిగజముల దూరమున కాలువ నిండుగా పారుచున్నది!

అప్పుడు దీర్ఘమును, కొమ్మును విడిచిపెట్టి, ధ్వనులను మాత్రము ఒకదానివెంట నొకటి త్వరత్వరగా పలుకుమంటిమి. "కా... లు... వ. కాలువ..." రెండుసార్లు అనెను. మూడవసారి ముఖము వికసించినది. "ఆయ్! కాలవండి! మా కాలవ!" అని వెనుకకు తిరిగి చూపినాడు. తోడనే ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు "కాలవ కాదురా, కాలువ" అని గద్దించెను. వికసించిన ముఖము ముడుచుకొనిపోయినది.

సోదరులారా, మేము చెప్పదలచినదంతయు ఈ చిన్న సంఘటనలోనే యున్నది. ఆ బాలునికి అక్షరములు తెలియును. అతని నోట మాటయు నున్నది. రెండింటికి నడుమ దారి లేదు. దారి పడిన నిమిషముననే మనమొక గద్దింపుతో దానికి అడ్డుగట్టితిమి.

ఈ బాలు డొక్కడే యని తలపవలదు. దేశములోని గ్రామములందు పిల్లల చదువును ఇల్లిల్లు తిరిగి పరీక్షించు 'అసర్' వారి నివేదికనుబట్టి, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018లో నూటికి 27 మంది. 2022లో 20 మంది. 2024లో మరల 27 మంది. అనగా నూటికి డెబ్బదిమందికి పైగా బిడ్డలు ఆ మెట్టు ఎక్కలేక నిలిచియున్నారు. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు చదువగలుగవలెనను సంకల్పముతో కేంద్రప్రభుత్వము 2021 జూలైలో 'నిపుణ్ భారత్' అను కార్యక్రమమును ఆరంభించి, 2026-27 సంవత్సరమును గడువుగా పెట్టుకొన్నది. గడువులు ఢిల్లీలో పెట్టవచ్చును. 'క'కు ధ్వనిని ముడివేయవలసినది మాత్రము కాలువగట్టు బడిలోనే.

మన పూర్వులు ఈ ముడిని ఏ విధమున వేసిరి? 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానియందలి ప్రతి జిల్లాలోను బడులెన్ని, చదువుకొనువారెందరు అని కలెక్టర్లను అడిగెను. మన రాజమహేంద్రవరము జిల్లానుండి పోయిన జవాబులో 291 బడులును, ఉన్నతవిద్య గరపు 279 విద్యాస్థానములును లెక్కకు వచ్చినవి. తెలుగుబడులలో చదువు గ్రంథముల పట్టికయు జతచేయబడినది. సుమతీ శతకము, దాశరథీ శతకము మొదలుకొని మనుచరిత్ర, వసుచరిత్రలవరకు అందున్నవి. పావులూరి గణితమును ఉన్నది. అది చూచి గర్వించుట తగినదే. ఆ బడులలో బాలికలు అత్యల్పులనియు, పల్లెల పేదబిడ్డలకు ఆ అరుగులమీద చోటు లేకుండెననియు మరచుట తగదు.

ఆ విచారణలోనే 1823లో బళ్లారి కలెక్టరగు కాంబెల్ వ్రాసిన జాబు ప్రసిద్ధమైనది. ఈయన అంతకు ముందే 1816లో తెలుగునకు వ్యాకరణమును రచించినవాడు. బిడ్డ బడిలో చేరిన తోడనే ఇసుకలో వ్రేలితో అక్షరమును దిద్ది నేర్చుకొనుననియు, ఐరోపాలోవలె అక్షరముల పేర్లను వల్లించుటతో ఆరంభింపడనియు ఆయన గుర్తించెను. అంతకు పూర్వమే మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగానుండిన ఆండ్రూ బెల్, నాటుబడిపిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచి తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకము ప్రకటించెను. మన ఇసుక ఆ విధముగా సముద్రములు దాటినది.

1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరీ మాత గరుకుకాగితపు అక్షరములను బిడ్డ వ్రేలితో తడుముచు, దాని పేరుకు బదులు దాని ధ్వనిని పలుకవలెనని బోధించెను. 2004లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు చిన్నబడిపిల్లలతో చేసి ప్రకటించిన పరిశీలనలో, కంటితో చూచుటతోబాటు వ్రేలితోను తడిమి అక్షరములను నేర్చిన బిడ్డలు, కంటితో మాత్రమే నేర్చినవారికంటె క్రొత్త పదములను చదువుటలో ముందంజ వేసిరి. మన తాతలు ఇసుకలో చేసినది వట్టి ఆచారము కాదు. చేయి వ్రాయుచుండగా కన్ను చూచుచు, నోరు పలుకుచు, చెవి వినుచు నాలుగు ద్వారముల ఒకే అక్షరము లోనికి పోయెడిది.

మరి ఎక్కడ చెడినది? వ్రేలు పోయినది; పాట మిగిలినది. పలక వచ్చినది, పలకను త్రోసి పటము వచ్చినది, పటమును త్రోసి అద్దపుతెర వచ్చినది. బిడ్డ గుణింతమును వినుచున్నది, పాడుచున్నది. పాటలోని ఏ ముక్క ఏ గుర్తుకు చెందినదో దానికి పట్టింపు లేదు. మా కాలువగట్టు బాలుని యెదుట గుణింతపు పటములో నడుమనున్న 'కి'మీద వ్రేలు పెట్టి అడిగితిమి. అతడు మొదటినుండి 'క, కా' అని పాడుకొనుచు వచ్చి అక్కడ ఆగెను! పాటలేనిదే అక్షరము లేదు.

ఇక్కడ శాస్త్రజ్ఞులు కనుగొన్న యొక సంగతిని వివరింపవలసియున్నది. 'గోదావరి' అను మాటకు చప్పట్లు కొట్టుమనిన, అక్షరము రాని బిడ్డయు గో-దా-వ-రి అని నాలుగు చప్పట్లు కొట్టును. ఇది ఎవరును నేర్పనక్కరలేదు. 'గో'లో 'గ్' అనునది యొకటియు, 'ఓ' అనునది యొకటియు ఉన్నవని మాత్రము ఆ బిడ్డకు దానంతట అది తోచదు. 1979లో పోర్చుగల్లు దేశమున మొరాయిస్ అను పండితుడును, ఆయన సహచరులును, చదువురాని పెద్దవారిని పరీక్షించి, మాట మొదటనున్న యొక్క ధ్వనిని తీసివేసి పలుకుడని అడుగగా వారిలో పెక్కురు చేయలేకపోయిరి. పెద్దవయస్సున చదువు నేర్చిన వారి ఇరుగుపొరుగువారు చేయగలిగిరి. బుద్ధిలో తేడా కాదు, అక్షరము చేసిన తేడా. ధ్వనిని విడదీయగల చెవి అక్షరముతో కలిసియే పెరుగుచున్నది. 1983లో ఆక్స్‌ఫర్డులో బ్రాడ్లీ, బ్రయంటు అనువారు ప్రకటించిన పరిశోధనయు దీనినే బలపరచినది. మాటలను ధ్వనులనుబట్టి వేరుచేయుట నేర్చిన పిల్లలలో, ఆ ధ్వనులకు ఆటబొమ్మల అక్షరములనుకూడ జతచేసి నేర్చినవారే చదువులో ఎక్కువ పుంజుకొనిరి.

మన తెలుగులిపికి ఇందొక విశేషము కలదు. ఇంగ్లీషులో గుర్తు ఒక్కొక్క ధ్వనికి. మనకు గుర్తు ఒక్కొక్క చప్పట్టుకు. 'గో' యన్నది ఒకే అక్షరము. దానిని విప్పిచూచిన లోపల గకారమును, ఓత్వమును కనిపించును. కావున మన బిడ్డకు వెలుపలి తలుపు సులువుగా తెరచుకొనును, లోపలి తలుపు ఆలస్యముగా తెరచుకొనును. మన సోదరలిపియగు కన్నడమున పిల్లల చదువును పరిశీలించి సోనాలీ నాగ్ అను విదుషీమణి 2007లో ప్రకటించిన ఫలితము ఇదియే: చప్పట్టును పట్టగల నేర్పు ముందు వచ్చును, లోపలి ధ్వనిని పట్టగల నేర్పు మెల్లగా వచ్చును, అక్షరములన్నియు స్వాధీనమగుటకు నాలుగవ తరగతివరకు కాలము పట్టును.

లెక్క చూడుడు. ఇంగ్లీషు బిడ్డకు 26 గుర్తులు. మనకు హల్లులు ముప్పదికి మించినవి, ఒక్కొక్క దానికి గుణింతపు రూపములు పండ్రెండుకు తక్కువ కావు. నాలుగు వందలైనను అగును. వత్తులు చేరినచో చెప్పనే అక్కరలేదు. ఇన్నింటిని బొమ్మలవలె విడివిడిగా కంఠస్థము చేయుమనుట అన్యాయము. గుడి ఎక్కడ కనబడినను అది 'ఇ'కారమే యను కీలకమును బిడ్డకు ఇచ్చితిమేని, కి, గి, టి, పి, మి అన్నియు ఒకే తాళపుచెవితో తెరచుకొనును. ఆ చెవిని ఇయ్యక 'గుడిస్తే' అను పేరును మాత్రము ఇచ్చుచున్నాము. 'గుడి' యన్న బిడ్డకు దేవాలయము తోచునేగాని ఇకారము తోచునా?

మన లిపి వ్రాసినట్లు పలుకబడును, పలికినట్లు వ్రాయబడును అని మనము మురిసికొందుము. ఇది చాలవరకు నిజము. పూర్తిగా నిజమని నమ్మిన ఉపాధ్యాయుడు మాత్రము బిడ్డ చిక్కును గుర్తింపలేడు. 'ముక్కు' అను మాటను చూడుడు. కొమ్ము పైనున్న కకారమునకు తగిలియుండును. దాని ధ్వని క్రిందనున్న వత్తు పలికిన పిమ్మట వచ్చును. 'పిల్లి' గుడియు అంతే. కన్ను ఒక వరుసను చూచుచుండ నోరు వేరొక వరుసను పలుకవలెను. సున్నను చూడుడు. 'గంగ'లో నొక ధ్వని, 'పంట'లో నొకటి, 'బంతి'లో నొకటి, 'పంపు'లో నొకటి, గుర్తు ఒకటే. 'చీమ'లోని చకారమును, 'చాప'లోని చకారమును మీ నాలుకమీద నిలిపి చూడుడు. రెండును ఒకటి కావు. బిడ్డ ఇంట 'యిల్లు' అనును, 'వూరు' అనును; పుస్తకములో 'ఇల్లు', 'ఊరు'. ద, ధ, థ అను మూడును ఒకే పోలికతో ఒకేచోట కూర్చుండి, చూచుటకు చిక్కు, వినుటకును చిక్కు కల్పించుచున్నవి.

ఇవి మన లిపికి దోషములని మేము చెప్పుటలేదు. ఏ యూరి దారికైనను మలుపులుండును. మలుపున్నచోట పెద్దవాడు బిడ్డ చేయి పట్టుకొనవలెను. నేడు జరుగుచున్నదేమి? మొదటి తరగతిలో వర్ణమాలయు గుణింతమును 'అయిపోయినవి' అని వ్రాసికొందుము. రెండవ తరగతి ఉపాధ్యాయుడు అవి వచ్చినవనియే తలచి పాఠము నారంభించును. నాలుగేండ్ల పనిని ఒక యేటిలో ముగించితిమనుకొని, పిమ్మట బిడ్డను మందబుద్ధి యందుము.

ఇక రెండవ చిక్కు, ఇంతకంటె బాధకరమైనది. నేడు పట్టణములందే గాక కోనసీమ లంకలలోను, కొల్లేటి యొడ్డునను బిడ్డకు మూడవయేడు రాకముందే 'ఏ, బీ, సీ, డీ' మొదలగుచున్నది. తల్లిదండ్రులను నిందింపము. కూలిచేసి కూడబెట్టిన రూకలను ఫీజుగా కట్టువారు బిడ్డ మేలుకోరియే కట్టుచున్నారు. వారికి ఎవ్వరును చెప్పని సంగతి యొకటి కలదు. తెలుగులో అక్షరము పేరే దాని ధ్వని. ఇంగ్లీషులో పేరు వేరు, ధ్వని వేరు. 'డబుల్యూ' అను పేరులో ఆ అక్షరపు ధ్వనియే వినబడదు! ఆ భాషలో అక్షరమునకు ధ్వనికి గల చుట్టరికము ఎంత వంకరయో, 2003లో సేమూరు మొదలగువారు 13 ఐరోపా భాషల పిల్లలను పరిశీలించి ప్రకటించిరి. ఒక సంవత్సరము బడికి పోయిన పిమ్మట తక్కిన భాషలలో పెక్కింటి పిల్లలు తమకు తెలిసిన మాటలను నూటికి 90కి పైగా సరిగా చదువుచుండగా, ఇంగ్లీషున చదువు నేర్చు పిల్లలు నూటికి 34 మాత్రమే చదువగలిగిరి. తమ సొంత భాషలో, తమ తల్లి పలుకు మాటలలో, ఆ పిల్లల గతి అది! ఇంట ఒక్క ఇంగ్లీషుమాట వినని మన బిడ్డ గతి యేమి?

వారు తమ వంకరను గుర్తించి దిద్దుకొనుచున్నారు. 2000వ సంవత్సరమున అమెరికాలో జాతీయ పఠన సంఘము తన నివేదికలో, అక్షరధ్వని సంబంధమును ఒక క్రమమున విప్పిచెప్పుట మేలు చేయుననెను. 2006లో ఇంగ్లండున రోజ్ నివేదిక, చదువు అక్షరముల ధ్వనులతో ఆరంభము కావలెననెను. 2012నుండి అక్కడ ఆరేండ్ల పిల్లలను ఆ విషయమున పరీక్షించుట మొదలైనది. ఇంగ్లీషువాడు పేర్లను వల్లించుట తగ్గించి ధ్వనులను పట్టుకొనుచుండగా, మన వీథిబడులు ఆతడు విడిచిన పాతచొక్కాను క్రొత్తదని తొడుగుకొనుచున్నవి. పరభాషను నేర్వవలదని మేము అనము. తన నాలుకమీది భాషలో గుర్తునకు ధ్వనికి ముడి యెట్లు పడునో ఒకసారి తెలిసికొన్న బిడ్డ, ఆ తెలివిని రెండవ భాషకు తానే మోసికొనిపోవును. మొదటి ముడియే పడని బిడ్డకు రెండు భాషలును మూగవగును.

ప్రభుత్వపు బడులలోని దిగువ తరగతులలో బోధన ఇంగ్లీషున జరుగవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో ఉత్తరువు చేసినది. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. వ్యాజ్యము పై న్యాయస్థానమునకు పోయినది. ఆ వివాదమున ఉభయపక్షములవారును ఉద్యోగములను గూర్చియు, సమానత్వమును గూర్చియు, సంస్కృతిని గూర్చియు బహుగ్రంథము మాటలాడిరి. అయిదేండ్ల బిడ్డ చెవిలో ఏ ధ్వని ఇదివరకే యున్నది అను ప్రశ్నకు వినబడిన జవాబు స్వల్పము. పేదబిడ్డకు ఇంగ్లీషు రావలెనను కోరిక న్యాయమైనది. ఆ కోరిక నెరవేరు దారి తెలుగక్షరముమీదుగనే పోవుచున్నది.

ఇంతవరకు ధ్వనిని గూర్చి చెప్పితిమి. ధ్వని చాలునా? చాలదు. 1986లో గాఫ్, టన్మర్ అను ఇరువురు విద్వాంసులు దీనిని చక్కని లెక్కగా చెప్పిరి. చదువు అనునది రెండింటి గుణకారము: గుర్తును ధ్వనిగా మార్చుట ఒకటి, ఆ మాటను వినిన అర్థమగుట రెండవది. గుణకారమున ఒకటి సున్నయైన ఫలము సున్నయే. 1823లో కాంబెల్ మన బడులమీద మోపిన నేరము ఇదియే. పిల్లలు చదువు పుస్తకముల భాష వేరు, వారు మాటలాడు భాష వేరు. ధ్వని చక్కగా పలుకుదురు, అర్థము చిలుకకువలె శూన్యము అని ఆయన వగచెను.

ఆ నేరమునకు ఎనుబదియేండ్ల పిమ్మట జవాబు చెప్పినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1906లో ఉత్తరకోస్తా బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర, తెలుగు నేర్చుకొనుచు, ప్రజలు పలుకు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత దూరమేల యని అడిగెను. ఆ ప్రశ్న పంతులుగారిని జీవితాంతము విడువలేదు. అంతకు ముందే వారు పర్లాకిమిడియందు సవరల భాషను వారి నోటనుండియే నేర్చి, ఆ భాషలో వాచకములను కూర్చి, తమ సొమ్ముతో వారికి బడులు పెట్టిరి. లిపిలేని భాషలోని ప్రతి ధ్వనిని చెవితో పట్టి, గుర్తునకు ముడివేసి, కొండబిడ్డ చేతిలో పెట్టిన మహనీయుడాయన. సవరబిడ్డకు సవరమాటలో, తెలుగుబిడ్డకు తన యింటి తెలుగులో చదువు మొదలు కావలెనన్నదే ఆయన వాదము. 1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రమున చేరగా ఆయన మన రాజమహేంద్రవరమునకు వచ్చి, 1940లో కీర్తిశేషులగువరకు దీనినే తమ యూరుగా చేసికొనిరి. నన్నయభట్టారకుడు భారతమును ఆరంభించిన ఊరు పంతులుగారిని తన యొడిలో చేర్చుకొన్నది. ఈ మాటలనే మేము గ్రాంథికమున పలుకుచున్నామని యెరిగిన వారు నవ్వియుందురు. ఆ నవ్వునకు మేము తగినవారమే. పెద్దల పత్రికకు చెల్లిన భాష బిడ్డ మొదటి పాఠమునకు చెల్లదు.

కావుననే 'కాలవ' అనిన బాలుని గద్దింపరాదు. అతడు గుర్తునుండి ధ్వనికి, ధ్వనినుండి తన యింటి మాటకు, మాటనుండి వస్తువునకు మూడు వంతెనలు ఒక్కమారు దాటెను. అతడు తప్పు చదువలేదు; అర్థము చేసికొని చదివెను. "ఔను బాబూ, మీ కాలవే. పుస్తకములో దానిని కాలువ అని వ్రాయుదురు" అనిన చాలును. ఒక్క వాక్యము ఖర్చు.

ఇక మనము చేయవలసినదేమి? ఉపాధ్యాయ సోదరులకు మనవి: వర్ణమాలను ఎత్తివేయుడని మేము అనము. కంఠమునుండి పెదవులవరకు ధ్వనులను వరుసగా కూర్చిన ఆ క్రమము మన పూర్వుల మేధకు నిదర్శనము. అది పెద్దవాని క్రమము. పసివాని క్రమము కాదు. మొదట కొద్ది అక్షరములను, పోలికలేని వానిని, వాని ధ్వనితో నేర్పి, వెంటనే వానితో మాటలు కట్టింపుడు. గుడిని 'ఇ' యని వినిపింపుడు. వరుస చెరిపి నడుమనుండి అడుగుడు. వత్తులను నాలుగవ తరగతివరకు విడువక మరల మరల సాధన చేయింపుడు.

తల్లులకు మనవి: చదువురాని తల్లియు ఈ పని చేయగలదు. "మన యింట 'ప'తో మొదలగునవేమిటి?" అని వంటచేయుచు అడుగుడు. పప్పు, పళ్ళెము, పిల్లి, పీట అని బిడ్డ వెదకికొనును. పళ్ళెములో బియ్యము పోసి ఆ అక్షరమును దిద్దింపుడు. అక్షరాభ్యాసమునాడు ఒక్కసారి చేసి ముగించిన పనిని నెలదినములు చేయింపుడు. పొడుపుకథ చెప్పుడు. అర్థమును కూర్చు పని తల్లి నోటిదే.

పఠనమందిరముల నిర్వాహకులకు మా మనవి ముఖ్యమైనది. తూర్పుగోదావరిలోని కొంకుదురున పుట్టిన అయ్యంకి వేంకటరమణయ్యగారు 1914లో బెజవాడయందు ఆంధ్రగ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచి ఉద్యమమునకు ఊపిరి పోసిరి. ఈ రాజమహేంద్రవరముననే, కంటిచూపు కొరవడిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు, అస్పృశ్యులని దూరముగా నుంచబడిన బిడ్డలకు 1909లో పాఠశాల పెట్టిరి. ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో బాలికలకు బడి తెరచిరి. వారు ప్రభుత్వపు గడువులకొరకు వేచియుండలేదు. మన మందిరములలో సాయంకాలము ఒక గంట పిల్లలకు విడువలేమా? ఒక చాప, ఒక ఇసుకపళ్ళెము, పెద్దయక్షరముల కథల పుస్తకములు కొన్ని, చదివి వినిపించు పెద్దవాడొకడు. ఇంతకు చందాలు కావలెనా? పత్రిక చదువ వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు వంతులు వేసికొని కూర్చుండిన చాలదా? నెలకొకసారి పిల్లలను పిలిచి, గుణింతము పాడుమనక, చూడని మాట నొకదానిని వ్రాసి చదువుమనుడు. అదియే నిజమైన పరీక్ష.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగియుటకు ముందుకూడ గోదావరి పారుచునే యుండెను. నీరు కావలసినంత యుండియు ఈ సీమ కరవులతో మాడినది. ఆనకట్ట కట్టిన పిమ్మటనైనను, కాలువ త్రవ్వి, లాకు పెట్టి, తూము తెరచి, తుదకు రైతు తన చేనివరకు బోదె తీసికొన్నప్పుడే పైరు పచ్చబడెను. మన బిడ్డల నోట తెలుగు గోదావరివలె పారుచున్నది. అక్షరములు పొలమువలె ఎదురుచూచుచున్నవి. నడుమ పదిగజముల బోదె త్రవ్వవలసియున్నది. అది ఇంజనీర్ల పని కాదు, మన పని. ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత మీ ముంగిట ఆడుకొను బిడ్డను పిలిచి, మట్టిలో ఒక మాట వ్రాసి, "ఏమిటమ్మా ఇది?" అని అడుగుడు. జవాబు వచ్చెనా, సంతసింపుడు. రాకున్నచో, రేపటినుండి ఒక గంట ఆ బిడ్డకును, ప్రక్కయింటి బిడ్డకును ఇండు. మా ప్రార్థన యింతే.